షీటు కింద నేను

నల్లగా, బొటనవేలి లావున ఉంటాను. కాగితాల మీద నా పేరు 16 ఎంఎం లేటరల్. జనగామ రైతుకు మాత్రం డ్రిప్పు పైపునే. 40 సెంటీమీటర్లకో డ్రిప్పరు, ఒక్కోటి గంటకు 4 లీటర్లు వదులుతుంది. మా వంశానికి మూలపురుషుడు ఇజ్రాయెల్ ఇంజినీరు సిమ్హా బ్లాస్ అంటారు. మనవైపు మాత్రం 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మసేద్యం ప్రాజెక్టు మొదలయ్యాకే మాకింత బలగం పెరిగింది.

టమాట బెడ్డు మీద నన్ను పరిచిన రోజు మోటరు వేసి, ప్రతి డ్రిప్పరు దగ్గరా చుక్క పడుతోందా అని వంగి వంగి చూశారు. ఆ తర్వాతే మల్చింగ్ షీటు కప్పి, అంచులకు మన్ను తోశారు. పైన వెండి రంగు, కింద నలుపు. ఇనుప గొట్టాన్ని నిప్పుల్లో కాల్చి అద్దుతుంటే గుండ్రటి రంధ్రాలు పడ్డాయి. ఓసారి నాకే తగలబోయింది!

షీటు మంచిదే, ఒప్పుకుంటాను. నలుపు వెలుతురును దూరనివ్వదు, కలుపు మొలవదు, తడి ఆరదు. వెండి వైపు వెలుగును తిప్పికొట్టి రసం పీల్చే పురుగులకు చికాకు పుట్టిస్తుంది. 2021లో మహబూబాబాద్, భూపాలపల్లి మిర్చి తోటల్ని నల్ల తామర పురుగు ఊడ్చేయడం చూసినవాళ్లకు ఆ మెరుపు విలువ చెప్పనక్కర్లేదు. అదొక్కటే తామరను ఆపేస్తుందని మాత్రం నేననను.

నా తప్పు కూడా ఆ షీటు కిందే జరిగింది. రెండో పంటప్పుడు ఫిల్టరు జాలీని నెలల తరబడి ఎవరూ కడగలేదు. బోరు నీళ్లలో సున్నమెక్కువ. డ్రిప్పర్లు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. షీటు లేకుంటే మన్ను ఎండడం కళ్లబడేదే. పూత మీదున్న చెట్లు వాడితే తెగులనుకుని రెండుసార్లు మందు కొట్టారు. చివరికి ఇంటావిడ షీటు అంచు ఎత్తి, మన్ను పిడికిట పట్టింది. పొడిపొడిగా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"ఏందయ్యా, తెగులు గాదు. నీళ్లే అందుతలేవు!"

నా కొస మూత విప్పి వదిలితే మొదట బురద, కాసేపటికి తేట నీళ్లు. యాసిడ్ కలిపిన నీళ్లు పంపాక చాలా డ్రిప్పర్లు తెరుచుకున్నాయి. ఆ రెండు సాళ్ల టమాట మాత్రం తిరిగి లేవలేదు.

ఆ షీటు చిరిగి గట్టున పడి ఉంది. నేనింకా పనిలోనే ఉన్నాను, కొత్త షీటు కింద. మీ చేలోనూ నాలాంటివాడుంటే, రేపు మోటరు వేసే ముందు ఫిల్టరు జాలీ ఓసారి విప్పి చూడండి.