అప్రస్తుత ప్రసంగి సంసారం

మా ఇంట్లో అటక మీదికి ఎవర్నీ ఎక్కనివ్వను. దొంగబంగారం దాచుకుని కాదు, నా జీవితచరిత్రంతా అక్కడే ఉంది కాబట్టి. బెజవాడలో ఎవరు తొడుక్కుంటారో ఆలోచించకుండా మొదలుపెట్టి ఒక చెయ్యి దగ్గర ఆపేసిన స్వెట్టరు, సరళీస్వరాలు దాటని హార్మోనియం, కొండపల్లి ఏనుగు చెక్కుదామని పొణికి కర్ర తెచ్చి తొండం వరకు చెక్కి వదిలేసిన ముక్క (చూసినవాళ్ళు పాము అనుకుంటారు, నేను కాదనను), జపనీసు నేర్చుకునే పుస్తకం, కుండీలు, కుండీలకి వెయ్యాల్సిన రంగులు, ఆ రంగుల్లోనే ఎండిపోయిన బ్రష్షులు. పాట, తోట, ఆట అన్నీ అటకెక్కాయి. పెళ్ళికి ముందు చేసిన ఉద్యోగాల ఆర్డర్లూ, రాజీనామాల నకళ్ళూ కూడా ఒకే ఫైల్లో పక్కపక్కనే ఉన్నాయి.

మా అత్తయ్య భానుమతి గారి అభిమాని. ‘అత్తగారి కథలు’ ఆవిడ తలగడ పక్కనే ఉంటుంది. ఓసారి అటక వైపు చూసి అంది: "ఆవిడా నటించింది, పాడింది, కథలు రాసింది, స్టూడియో నడిపింది. 1953లో చండీరాణిని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ తనే డైరెక్ట్ చేసింది. నీకూ అన్ని సరదాలూ ఉన్నాయమ్మాయ్. తేడా ఒక్కటే. ఆవిడ రిలీజు కూడా చేసేది."

నా సంగతి బయటపడింది మా అమ్మాయి వల్ల. క్లాసులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటోందని స్కూలువాళ్ళు అంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పిల్ల గురించి అడుగుతుంటే నేను జవాబు చెబుతూ చెబుతూ మధ్యలో ఆయన టేబులు మీది పేపర్ వెయిట్‌లో బుడగలు లెక్కపెట్టడం మొదలుపెట్టానట. కాసేపు చూసి, పిల్లని వదిలేసి నన్ను అడగడం మొదలుపెట్టారు. చివరికి తల్లీకూతుళ్ళిద్దరికీ కలిపి ఏడీహెచ్‌డీ అన్నారు.

ఇది నలభై దాటాక కొత్తగా పట్టుకునేది కాదట. పన్నెండేళ్ళ లోపే ఆనవాళ్ళు కనిపించి ఉండాలి, వీలైతే చిన్నప్పట్నుంచీ చూసినవాళ్ళు చెప్పాలి. తెనాలికి ఫోన్ చేశాం. మా అమ్మకి నా మీద సాక్ష్యం చెప్పే అవకాశం ఇన్నాళ్ళకి దొరికింది. పెరట్లో కరివేపాకు తెమ్మని పంపితే చీమలబారు వెంటబడి పక్కవీధి దాకా వెళ్ళి, పొద్దుగూకాక వచ్చి "దేనికి పంపావమ్మా?" అని అడిగిన ఘట్టంతో మొదలుపెట్టింది. డాక్టరు గారు చాలమ్మా అన్నా ఆపలేదు. మరి స్కూల్లో ఎవరికీ ఎందుకు తట్టలేదంటే, బెంచీ మీంచి దూకే మగపిల్లాడు హెడ్మాస్టరు కంట్లో పడతాడు, కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆడపిల్లకి ‘నెమ్మదస్తురాలు’ అని ప్రోగ్రెస్ కార్డులో రాసి పంపిస్తారు. నా కార్డుల్నిండా అదే.

ఇది ఎక్కువగా వంశంలోనే వస్తుందని డాక్టరు అనగానే మా ఆయన కుర్చీ రెండంగుళాలు వెనక్కి జరుపుకుని, "మా వైపు కాదండీ" అన్నారు. నేనేమీ వాదించలేదు. మా నాన్న బాగుచేద్దామని విప్పిన గోడగడియారం నా పెళ్ళినాటికి కూడా మంచం కింద ముక్కలుగానే ఉంది.

డాక్టరు రాసిచ్చిన మందు గురించి చదువుతుంటే ఒక ముచ్చట దొరికింది. 1944లో పానిజాన్ అనే రసాయన శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లో మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్. ముద్దుపేరు రీటా. టెన్నిస్ ఆడే ముందు ఆవిడ అది వేసుకునేదట. ఆ పేరే మందుకి పెట్టాడు, రిటాలిన్ అని. మొగుడంటే అలా ఉండాలి అన్నాను మా ఆయనతో. "నేనూ పెట్టానుగా నీ పేరు, వైఫైకి. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుందని" అన్నారు.

మందు పనిచేస్తుంది. మొదలుపెట్టిన పని దగ్గర నిలబెడుతుంది. ఏ పని మొదలుపెట్టాలో మాత్రం చెప్పదు. మొదటిరోజు మాత్ర వేసుకుని, బాకీపడ్డ ఉత్తరాలన్నీ రాసేద్దామని లేచి, దారిలో పోపులపెట్టె కనిపించి ఆగాను. మధ్యాహ్నానికి ఆవాలు, ఇంగువ, జీలకర్ర, మెంతులు, ఇంట్లో ఉన్న దినుసులన్నీ అకారాది క్రమంలో బారులు తీరాయి. అంత ఏకాగ్రత నా జన్మలో ఎరగను. వంట మాత్రం కాలేదు.

అసలు నా బతుకు ఎక్కడ తేలిపోతుందంటే ఉదయం ఏడింటికి, వంటింట్లో. అక్కడ రోజూ అష్టావధానం జరుగుతుంది. దత్తపది మా ఆయనది: కరెంటు బిల్లు, ఇస్త్రీ బట్టలు, గ్యాసు బుకింగు, చెప్పుల ఉంగటం. ఈ నాలుగూ ఇవాళ్టి పద్యంలో ఎక్కడో ఒకచోట పడాలి. నిషిద్ధాక్షరి అత్తయ్యది. శనివారం ఉల్లి వద్దు, ఏకాదశి అన్నం వద్దు, షుగరుంది గనక తీపి వద్దు, బీపీ ఉంది గనక ఉప్పు వద్దు. ఆవిడ నిషేధించుకుంటూ పోగా మిగిలిన అక్షరాలతో నేను కూర వండాలి. సమస్య మా అమ్మాయిది. సరిగ్గా ఆటో వచ్చే వేళకి, "అమ్మా, ఇవాళ నేను అల్లూరి సీతారామరాజు వెయ్యాలి, గడ్డం ఏదీ?" అంటుంది. ఘంటాగణనం కుక్కరుది. మూడో విజిల్‌కి కట్టెయ్యాలి. వేదిక మీది అవధాని గంట ఎన్నిసార్లు మోగిందో చివర్న చెబుతాడు. నేను చివర్న మాడిన పప్పు వాసనబట్టి చెబుతాను.

ఇంతమంది పృచ్ఛకుల్నీ తట్టుకోవచ్చు. అప్రస్తుత ప్రసంగి ఉన్నాడే, ఆయనతోనే చావొచ్చింది. అవధానంలో ఆయన పని మధ్యమధ్య సంబంధం లేని ప్రశ్నలు వేసి అవధాని ధ్యాస చెదరగొట్టడం. ఆయనకి ఎదురుగా కుర్చీ వేస్తారు. నా ఖర్మకొద్దీ ఆయన నా బుర్రలోనే అద్దెకున్నాడు. పాత విగ్గు కత్తిరించి పిల్లకి గడ్డం అంటిస్తుంటే, గోంగూరలో ఉన్న పులుపూ చింతపండులో ఉన్న పులుపూ ఒకటేనా అని అడుగుతాడు. అడిగితే చూడొద్దూ? ఫోన్ తీసి చూడబోతాను. సీతారామరాజు సగం గడ్డంతో స్కూలుకి పోతాడు. ఇక ధారణ అంటారా, అవధాని నాలుగు ఆవృత్తాల్లో అల్లిన పద్యాలన్నీ చివర్న గడగడా అప్పజెబుతాడు. నేను కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కళ్ళజోడు పెట్టుకునే వెతుకుతాను.

ఇదంతా ఒక వరమనీ, సృజనకి మూలమనీ చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. కరెంటు బిల్లు మర్చిపోయి చీకట్లో కూర్చున్నవాళ్ళెవరూ దాన్ని వరమనరు. అయితే పూర్తిగా కొట్టిపారెయ్యడానికీ లేదు. 2006లో అమెరికాలో హోలీ వైట్, ప్రీతి షా అనే ఇద్దరు పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న విద్యార్థులకీ లేనివాళ్ళకీ పరీక్షలు పెట్టారు. ఒక మామూలు వస్తువుకి ఎన్ని విడ్డూరమైన ఉపయోగాలు చెప్పగలరో చూస్తే మావాళ్ళు నెగ్గారు. మూడు మాటలిచ్చి ఆ మూడింటికీ అతికే నాలుగోది చెప్పమంటే మావాళ్ళు వెనకబడ్డారు. అంటే విరజిమ్మడంలో మొనగాళ్ళం, ఏరుకురావడంలో కాదు. ఈ సంగతి భోజనాల దగ్గర చెప్పి, కావాలంటే నన్ను పరీక్షించండి అన్నాను. మా ఆయన అట్లకాడ చూపించారు. వీపు గోక్కోడానికి, బల్లిని అదిలించడానికి, తంబురా మీటడానికి, మొక్క పాతడానికి, పిల్లకి రామరాజు కత్తిగా... ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాను. అంతా విని, "అట్టు తిరగెయ్యడం చెప్పలేదేం?" అన్నారు. 

లియొనార్డో డావిన్సీని కూడా మా జట్టులో కలిపేసుకున్నారు. ఆయన పోయిన అయిదువందల ఏళ్ళకి, 2019లో, ‘బ్రెయిన్’ అనే వైద్యపత్రికలో ఇద్దరు వాదించారు, ఆయన అన్నీ మొదలుపెట్టి వదిలేసింది ఇందువల్లే కావచ్చునని. నేను ఎగిరి గంతేశాను. అత్తయ్య అడిగింది: "ఆయనకి పొద్దున్నే ఎవరు వండిపెట్టేవారమ్మాయ్?"

ఇక నా కొత్త సరదా, కలంకారీ. రెండురోజుల శిక్షణ తరగతికి వెళ్ళాను. శ్రీకాళహస్తి పద్ధతి. గుడ్డని కరక్కాయ పొడీ పాలూ కలిపి నానబెట్టి ఆరేస్తారు, అప్పుడు కలంతో గీసినా రంగు పాకదు. నల్లరంగుకేమో తుప్పు పట్టిన ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి వారాల తరబడి ఊరబెట్టాలి. నేర్పేవాడు చెప్పాడు: "దాన్ని కదపకండి. మర్చిపోండి." నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్చిపోవడం పద్ధతిలో భాగమైన విద్య ఈ భూమ్మీద ఒకటుందన్నమాట! ఇంటికొచ్చి ఒక జాడీలో మేకులూ బెల్లమూ వేసి, వాసెన కట్టి, ఆవకాయ జాడీల పక్కన అటకెక్కించాను. తర్వాత గురువు ఆజ్ఞ తు.చ. తప్పకుండా పాటించాను.

సంక్రాంతికి పెట్టింది ఉగాదికి వాసనొచ్చింది. ఎలుక చచ్చిందని అత్తయ్య, డ్రైనేజీ అని మా ఆయన. ప్లంబర్ని పిలిపిస్తే గోడ తవ్వాలన్నాడు. ఇంట్లో అందరికన్నా ఉత్సాహంగా వెతికింది నేనే, మంచాల కింద టార్చి వేసుకుని. చివరికి పచ్చడికి కొత్త జాడీ కోసం అత్తయ్య ఒకటి అటక మీంచి దింపించి మూత తీసింది. లోపల నురగ కట్టిన నీళ్ళు, గెలికితే మేకులు. కెవ్వుమని, "ఎవరే, ఎవరి మీద చేయించారే ఈ చేతబడి?" అంటూ పూజగదిలోకి పరిగెత్తింది. నేను విషయం చెప్పి నమ్మించేసరికి ప్లంబరు కూలి కూడా అడక్కుండా మాయమయ్యాడు.

నమ్మించడానికి చేసి చూపించాల్సొచ్చింది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కలంతో ఆ నీళ్ళు తాకించగానే గీత నల్లబడింది. అత్తయ్య పూజగదిలోంచి తెచ్చిన చెంబు పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. నేను కూర్చున్నదాన్ని లేవలేదు. ఎప్పుడు తెల్లారిందో తెలీదు, బుర్రలో అద్దెకున్నాయన ఆ రాత్రి ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున్న అత్తయ్య తన పాత మంగళగిరి నూలుచీర తెచ్చి ముందు పెట్టి, "నెమలి వెయ్యి" అంది. చీరకి పాలు పట్టించాం గనక ఆ రోజు ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు.

శ్రావణంలో మా పేటలో అవధానం పెట్టారు. నిర్వాహకురాలు నా స్నేహితురాలే. "నువ్వు ఒకటి మాట్లాడుతూ ఇంకోదాంట్లోకి పోతావు కదా, నీ కోసమే పుట్టిన కుర్చీ" అని నన్ను అప్రస్తుత ప్రసంగానికి ఒప్పించింది. ప్రశ్నలన్నీ కాయితం మీద రాసుకున్నాను. గోంగూరా ఉంది, ఒంటె మోకాళ్ళూ ఉన్నాయి. కాయితం కూడా మర్చిపోకుండా తీసుకెళ్ళాను.

అవధాని దత్తపది ఎత్తుకున్నారు. ఇచ్చిన మాటలు ఎక్కడ పొదుగుతారా అని విన్నాను. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక అక్షరం మూస్తే ఆయన ఇంకో దారిన బయటపడుతున్నారు. నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఒక ఆవృత్తం అయిపోయింది. రెండోది సగమైంది. సభంతా నావైపు చూస్తోందని నాకు తెలీదు. చివరికి అవధాని గారే పద్యం ఆపి చేతులు జోడించారు: "అమ్మా అప్రస్తుత ప్రసంగి గారూ! మీరలా శ్రద్ధగా వింటుంటే నాకు ధారణ తప్పేలా ఉంది. దయచేసి ఏదైనా అడగండి." సభ గొల్లుమంది. నా గొంతులోంచి వచ్చిన ఒకే ఒక్క మాట, "తర్వాతి పాదం ఏంటండీ?"

ముందువరసలో అత్తయ్య కూర్చుంది, నెమలి చీరలో. ముందురోజు రాత్రికి కొంగు మీద తలా, మెడా, రెండు కాళ్ళూ అయ్యాయి, పింఛం కాలేదు. నేను నసిగితే, "తోక కుచ్చిళ్ళలోకి పోయిందనుకుంటార్లే" అని కట్టుకొచ్చేసింది. సభ అయ్యాక నలుగురు ఆడవాళ్ళు ఆవిడ చుట్టూ మూగారు. నేను వెళ్ళేసరికి అత్తయ్య నా ప్రశ్నల కాయితం వెనక వాళ్ళ పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకుంటోంది. ఒకావిడ పింఛం ఏదండీ అని అడిగింది. 

"అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వాలి" అంది అత్తయ్య. "తోకకి రేటు వేరు."