లాకర్లో ఉంది గదా!

గోప్యత హక్కు గురించి మా ప్రొద్దుటూరులో నా అంత గట్టిగా మాట్లాడే మనిషి లేడు. ఎందుకు లేడో చెప్తే నా పరువు పోతాది. పోయినాకే రాస్తున్నా కాబట్టి ఇంగ చెప్పేస్తా.

పెండ్లిలో మా ఇంటామెకు జమ్మలమడుగు పుట్టింటోళ్లు నాలుగు తులాల రెండుపేటల సరం పెట్టినారు. మూడేండ్ల కిందట దాన్ని నేను పులివెందుల చీనీ తోటలో పోగొట్టినా. మెడలోంచి జారి పడిందనుకునేరు. ఒక స్నేహితునితో కలిసి తోట గుత్తకు తీసుకున్నా. పెట్టుబడికి సరం బ్యాంకులో కుదువ పెట్టినా. కాయ కోతకొచ్చే వేళకు ధర పడిపాయ. స్నేహితుడు ఫోన్ ఎత్తడం మానేసినాడు. నాకు మిగిలింది రెండు గంపల చీనీకాయలు. "ఎంత తియ్యగా ఉండాయో" అని ఇంటామె రసం పిండి నాకే ఇచ్చింది. అంత ఖరీదైన రసం జిల్లాలో ఇంకెవరూ తాగి ఉండరు.

సరం యాడుందని ఆమె అడిగినప్పుడల్లా "బ్యాంకు లాకర్లో ఉంది గదా" అంటాంటి. అది అబద్ధం కూడా కాదు. సరం బ్యాంకులోనే ఉంది, ఇనప తలుపు వెనకాలే ఉంది. తాళం నా చేతిలో లేదు, అంతే. కానీ ఇది ప్రొద్దుటూరు. బంగారానికి రెండో ముంబై అని పేరుబడ్డ ఊరు. ఇక్కడ ఆడామె మెడ చూసి ఇంటి లెక్కలు చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. దసరాకు అమ్మవారిశాలకు బయలుదేరితే "గుంపులో సరం ఎందుకులేమ్మీ, దొంగలుంటారు" అని రెండు పండగలు గట్టెక్కినా. దొంగ పక్కనే నడుస్తున్నాడని ఆమెకు తెలీదు.

ఇట్లాంటి మనిషికి ఇంటికొచ్చి ఆస్తులు, అప్పులు అడిగే సర్వే అంటే ఎట్లుంటాది? అందుకే చట్టాలు చదవడం మొదలుపెట్టినా. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో ఒక్క మాటగా తీర్పిచ్చినారు. ఆ తొమ్మిదిమందీ నా సరం కోసమే కూర్చున్నట్టు అనిపించింది. 2016లో ప్రజా సాధికార సర్వే అని ట్యాబులు పట్టుకుని ఇంటింటికీ వచ్చి వేలిముద్రలు తీసుకున్నప్పుడు నోరెత్తని వాణ్ణి, ఇప్పుడు టీ అంగట్లో ఉపన్యాసాలిస్తాంటి. 2018లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై నాలుగు వేల మంది ఆధార్ నంబర్లు ఎవరికంటే వాళ్లకు కనపడేటట్టు పడి ఉండె గదప్పా, ఎవరడిగినారు, అని బల్ల గుద్దుతాంటి. అది నిజంగా అడగాల్సిన మాటే. అడిగే నోరే మంచిది కాదు.

మా అత్తకు తీర్పులు తెలీవు, భయం మాత్రం నాకన్నా పాతది. నెలకు 300 యూనిట్లు మించి కరెంటు కాలితే పథకాలకు పనికిరారని, ఇంట్లో కారుంటే రేషన్ కార్డు పోతాదని గత ప్రభుత్వంలో నిబంధనలు వచ్చినప్పటి నుంచి, జమ్మలమడుగు ఎండల్లో కూడా ఫ్యాను ఆపి విసనకర్ర పట్టుకుంటాది. ఎవరు ఏ కాగితం పట్టుకొచ్చినా మీటరు వైపే చూస్తాది. చెప్తే ఏం తీసేస్తారో అని ఒక భయం, చెప్పకపోతే ఏం తీసేస్తారో అని ఇంకో భయం. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే పెడితే, ఆ పొద్దు ఇంట్లో లేకుంటే లెక్కలో ఉండమేమోనని జనం బస్సులు కిక్కిరిసి సొంతూర్లకు పరిగెత్తినారు. వాళ్లంతా మా అత్తకు చుట్టాలే.

ఇంగ అసలు కథ. ఒక పొద్దు మా ఇంటికి వచ్చింది ఏ సర్వేనో చెప్పను. దాని గోప్యత దానికీ ఉంటాది. పంచలో మా ఇంటామె, ఊరి నుంచి వచ్చిన అత్త, పక్కింటి పెద్దమ్మ కూర్చుని అనపకాయలు ఒలుస్తాండారు. చేతిలో ట్యాబు పట్టుకుని సర్వే చేసే పాప వచ్చింది. నేను లేచి నిలబడి మొదలుపెట్టినా: "చూడమ్మా, 1948 నాటి జనగణన చట్టంలోనే, ఆడామె మొగుడి పేరు చెప్పాల్సిన పని లేదని రాసి ఉంది. అంత మర్యాద ఇచ్చిన దేశం మనది!" పెద్దమ్మ ఒలవడం ఆపి నన్ను మెచ్చుకోలుగా చూసింది. అక్కడ ఆపి ఉంటే బాగుండు.

"దాచేదానికి మాకేముందిలే, రాసుకోమ్మా" అనింది ఇంటామె. ఇల్లు సొంతం. బండి ఒకటి. అప్పులు? "మాకు అప్పులే ల్యావు" అనింది, గర్వంగా, వాళ్లమ్మ వైపు చూసి.

పాప నా వైపు తిరిగి "అంతేనా సార్?" అనింది.

తప్పు చెప్తే నేరమవుతుందేమోనన్న భయం ఒక పక్క, చదివిన చట్టాల బరువు ఇంకో పక్క. పాపను గేటు దాకా పిలిచి, చెవిలో చెప్పినట్టు చెప్పినా. ఆ పిల్ల మంచిది, పని మీద శ్రద్ధ ఉన్నది. ఏ పొరపాటూ జరగకూడదని ట్యాబులో కొట్టుకుంటా గట్టిగా చదివింది:

"బంగారు లోను... లక్షా ఎనభై వేలు... కుదువ పెట్టింది రెండుపేటల సరం. కరెక్టేనా సార్?"

అనపకాయల చప్పుడు ఆగిపాయ. ఇంటి గుట్టు లంకకు చేటంటారు. లంకలో చెప్పింది తమ్ముడు, మా ఇంట్లో నేనే. తొమ్మిదిమంది న్యాయమూర్తులు, జనగణన కాగితాన్ని కోర్టులో సాక్ష్యంగా కూడా వాడకూడదన్న చట్టం, అన్నీ కాగితానికి కాపలా కాసేవే. పంచలో ఎంత గొంతుతో అడగాలో ఏ చట్టంలోనూ రాయలేదు. మా ఊర్లలో సగం గుట్లు సర్వర్లలోంచి కారవు, పంచలోంచే కారతాయి.

అత్త "అట్లనా నాయనా" అనింది, ఒక్క మాటే. ఆ పాప ఇబ్బందిగా "కుటుంబ పెద్ద పేరు ఇంకోసారి..." అని నసిగింది.

"ఆయన పేరు నేను చెప్పక్కర్లేదంట, ఇప్పుడే చెప్పినాడు గదా" అనింది ఇంటామె. "నా పేరు రాసుకో. రేషన్ కార్డులో ఇంటి పెద్దను నేనే." అదీ నిజమే. 2013 ఆహార భద్రత చట్టం ఇంట్లో పెద్ద ఆడమనిషినే కుటుంబ పెద్దగా పెట్టింది. ఆ చట్టం ఒక్కటి నేను చదవలేదు.

సరం ఇంకా బ్యాంకులోనే ఉంది. వడ్డీ కట్టి తిరగరాయిస్తాండా. 2021లో జరగాల్సిన జనగణన 2027కు చేరింది గదా, ఈసారి ఫోన్లో మన వివరాలు మనమే నింపుకోవచ్చని తెలిసి నాకు ప్రాణం లేచి వచ్చింది. "మేయ్, ఈసారి పంచలో ఎవరూ కూర్చోరు. నేనే గుట్టుగా నింపేస్తా" అన్నా.

"నింపప్పా" అనింది ఇంటామె. "ఒక్కొక్క ప్రశ్న గట్టిగా చదువు, జవాబు అంతకంటే గట్టిగా చెప్పు. జమ్మలమడుగులో అమ్మ ఫోన్ పట్టుకుని ఉంటాది."