హైడ్రిల్లా సారు

ఇరవై రెండేళ్లుగా నేను బోర్డు మీద ఒకటే బొమ్మ గీస్తున్నాను. బీకరు, అందులో బోర్లించిన గరాటు, గరాటు కింద నాలుగు హైడ్రిల్లా రెమ్మలు, గరాటు కాడ మీద నీళ్లు నింపి బోర్లించిన పరీక్షనాళిక. ఎండలో పెడితే బుడగలు వస్తాయి, ఆ బుడగలే ఆక్సిజన్. పరీక్షలో అడిగినా అడగకపోయినా ఆ బొమ్మ నా చేతికి అలవాటైపోయింది. కళ్లకు గంతలు కట్టినా గీసేస్తాను. పిల్లలు నా వెనక నన్ను ‘హైడ్రిల్లా సారు’ అంటారు. ముందు అనరు. మా భిక్నూర్ పిల్లలకు మర్యాద ఎక్కువ.

ఇంత పేరు తెచ్చిపెట్టిన మొక్కను నేను చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. మా బడి ల్యాబులో గరాటు ఉన్నప్పుడు బీకరు లేదు. బీకరు వచ్చిన ఏడాది గరాటు పగిలింది. రెండూ ఉన్న ఏడాది సిలబస్ కాలేదు. సుద్దముక్కతో చుక్కలు పెడితే బుడగలు వస్తుంటే, నీళ్లు మోయడం ఎందుకని నాకూ అనిపించిందనుకోండి.

కొత్తింటి గృహప్రవేశానికి వచ్చిన మా బావమరిది, ఈశాన్యం మూల బోసిగా ఉందనీ అక్కడ చేపల తొట్టి ఉంటే ఇంటికి మంచిదనీ ఒక మాట అనేసి, భోంచేసి వెళ్లిపోయాడు. భోజనం ఆయనకు అరిగింది, మాట మా ఆవిడకు అరగలేదు. వారం తిరిగేసరికి కామారెడ్డి నుంచి గాజు తొట్టి దిగింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా నింపితే యాభై ఆరు లీటర్లు. దుకాణం అతను కొసరుగా ఒక ప్లాస్టిక్ మొక్క కూడా ఇచ్చాడు. దాని ఆకులు గులాబీ రంగు.

“మంచిగనే ఉంది కద. ఎండది, చావది” అంది మా ఆవిడ.

“జీవశాస్త్రం సారు ఇంట్లో ప్లాస్టిక్ మొక్కనా?” అన్నాను.

ఈ ఒక్క మాట ఖరీదు తర్వాత కూర్చుని లెక్కేస్తే ఆరువేల చిల్లర తేలింది.

బతికున్న మొక్కల కోసం ఇద్దరం హైదరాబాదు పోయాం. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో మా ఆవిడది సున్నా టికెట్టు, నాది నిండు టికెట్టు. తిరుగు ప్రయాణంలో నా ఒళ్లో నీళ్లు పోసి గాలి ఊదిన కవర్లు: అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్, జావా ఫెర్న్. కండక్టరు తొంగి చూసి, “కొత్తిమీర గింత దూరంకెల్లి తెస్తున్రా సారూ?” అన్నాడు.

“కొత్తిమీర కాదు, అమెజాన్‌ది” అన్నాను.

“ఓ, ఆన్‌లైనా” అని ముందుకు పోయాడు.

తొట్టి అడుగున తెల్లటి చలువరాతి ముక్కలు పరిచాను. చూడ్డానికి గుడి మెట్లలా పవిత్రంగా ఉన్నాయి. బోరు నీళ్లు పోశాను. మొక్కలను ఒక్కొక్కదాన్ని రాళ్లలో మెడదాకా పాతాను. గప్పీ చేపలు ఆరు వదిలాను. మూడోరోజుకు క్రిప్టోకొరైన్ ఆకులు గాజుల్లా పారదర్శకమై, అయిదోరోజుకు జావకారిపోయాయి. మా ఊరి బోరు నీళ్లతో కందిపప్పు ఉడకదని మా ఆవిడ పదేళ్లుగా గొడవ. పప్పు ఉడకని ఆ నీళ్లలో ఆకులు మాత్రం బ్రహ్మాండంగా ఉడికాయి.

తర్వాత తెలిసిన సంగతులు చెబుతాను. తొట్లకు అమ్మే మొక్కలు చాలామటుకు నర్సరీలో నీళ్ల పైన గాలిలో పెరిగినవి. ఆ ఆకులు నీళ్లలో పనికిరావు. పాతవి కుళ్లిపోతాయి, వేరు బతికుంటే నీటికి తగ్గ కొత్త ఆకులు వస్తాయి. కాస్త ఓపిక పట్టాలంతే. నేను చచ్చిపోయాయని పీకి అవతల పారేశాను. జావా ఫెర్న్‌కు దుంపలాంటి కాండం ఉంటుంది, దాన్ని పాతితే కుళ్లుతుంది, రాయికో కట్టెకో దారంతో కట్టాలి. నేను పాతాను. ఇక చలువరాయంటే సున్నమే. నిమ్మరసం చుక్క వేస్తే బుస్సుమంటుంది. అసలే గాజు మీద తెల్లచారలు కట్టే బోరు నీళ్లు, వాటికి అడుగున సున్నపు పరుపు. ఈ రసాయనం అంతా నేను తొమ్మిదో తరగతికి చెప్పినదే.

ఆ మీదట ఈశాన్యం తన ప్రతాపం చూపించింది. ఆ మూలన తూర్పు కిటికీ ఉంది. పొద్దున పదింటిదాకా ఎండ నేరుగా తొట్టి మీదే. అది చాలదన్నట్టు నేను ఎల్‌ఈడీ బల్బు రాత్రి పదకొండుదాకా వెలిగించేవాణ్ని, మొక్కలకు వెలుగు ఎంత ఉంటే అంత మేలని. తినే మొక్కలు అంతగా లేని చోట వెలుగంతా పాచికే విందు. పది రోజుల్లో నీళ్లు గోంగూర పులుసులా తయారయ్యాయి. చేపలు ఉన్నాయో లేవో మేత వేసినప్పుడు పైన కదిలే అలలను బట్టి అంచనా కట్టేవాళ్లం. ఈశాన్యంలో నీళ్లుండాలన్న శాస్త్రం, అవి ఏ రంగులో ఉండాలో చెప్పలేదు. కిటికీకి తెర కట్టి, బల్బును రోజుకు ఆరేడు గంటలకు కుదించాక గానీ అవతలి గోడ కనిపించలేదు.

అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. మిగిలిన మొక్కలకు నీళ్లలో బొగ్గుపులుసు వాయువు చాలడం లేదని నాకు జ్ఞానోదయమైంది. సిలిండరు కొనే తాహతు లేదు. రెండు లీటర్ల సీసాలో చక్కెర నీళ్లు, అర చెంచా ఈస్టు, మూతకు చిల్లి పెట్టి సన్నపు గొట్టం, గొట్టం కొస తొట్టిలో. ఈస్టు చక్కెరను తిని వాయువు వదులుతుంది. ప్రపంచమంతా చేసుకునే పనే. అయితే ఇంట్లో చక్కెర నిండుకుంది, బెల్లం మాత్రం అయిదు కిలోల ముద్ద ఉంది. కామారెడ్డి బెల్లం పక్కనుండగా చక్కెర కోసం దుకాణానికి పరుగెత్తేవాడు ఈ జిల్లావాడే కాదు.

మూడోరోజుకు వాసన మొదలైంది. పక్కింటాయన గోడ మీదుగా ముక్కు ఎగబీల్చి, “సారూ, మీ ఇంట్ల ఏందో పులుస్తున్నట్టుంది” అన్నాడు. వచ్చి చూశాడు. నల్లటి బెల్లం నీళ్లు, పైన నురగ, సీసాకు గొట్టం. ఆయన ఏమీ మాట్లాడలేదు. మా ప్రాంతంలో నల్లబెల్లం ఎవరైనా లెక్కకు మించి కొంటే ఎక్సైజువాళ్లు ఎందుకో కనుక్కుంటారు. గుడుంబాకూ నా మొక్కల మందుకూ తేడా ఒకటే: వాళ్లు నీళ్లు ఉంచుకుని గాలి వదిలేస్తారు, నేను గాలి ఉంచుకుని నీళ్లు పారబోస్తాను. ఈ తేడాను వీధికంతటికీ విడమరచి చెప్పడం నావల్ల కాలేదు. ఆ సాయంత్రం చీకటి పడ్డాక పక్కింటాయన తమ్ముడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఏం పని తమ్మీ అంటే, ఊరికే వచ్చిన్నంటాడు. లుంగీ మడతలో స్టీలు గ్లాసు మెరుస్తోంది.

ఆ రాత్రే నురగ పొంగి గొట్టంలోంచి తొట్టిలోకి దిగింది. తెల్లారుజామున నాలుగున్నరకు మా బాపు లేచి చూస్తే చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయట. నన్ను లేపాడు.

“ఏంరా, చేపలకు కల్లు పోస్తున్నవా?”

సగం నీళ్లు మార్చాను. ఒక గప్పీ పోయింది, అయిదు బతికాయి. పోయింది వెల్లకిలా తేలుతుంటే మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయడం అనవసరం.

మా బాపు వ్యవసాయదారు. అప్పటిదాకా ఈ తొట్టిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. మొదటిరోజు మాత్రం, “ఇండ్ల కొర్రమీనన్న ఏస్తే పండుగకు పనికొచ్చు” అన్నాడు. ఇవాళ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“గీ గడ్డికి ఎన్ని పైసలు వెట్టినవ్?”

చెప్పాను, సగానికి సగం తగ్గించి.

“నాచుకు పైసలు వెట్టినవా! సరే, దీనికి మట్టేది? రాళ్లల్ల నాటు వెట్టెటోన్ని నిన్నే జూసిన. రాళ్లల్ల నువ్వు బత్కుతవా?”

ఇరవై రెండేళ్లు జీవశాస్త్రం చెప్పినవాడి దగ్గర దానికి జవాబు లేదు.

మా బాపు తెచ్చిన మట్టికి ఒక చరిత్ర ఉంది. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైంది మాకు దగ్గర్లోనే, 2015 మార్చి 12న సదాశివనగర్ పాత చెరువు దగ్గర. అప్పటికి కామారెడ్డి జిల్లా పుట్టలేదు, మాది నిజామాబాదే. ఆ తర్వాతి వేసవుల్లో మా బాపు పూడిక మట్టిని ట్రాక్టర్ల కొద్దీ పొలానికి తోలించాడు. మిగిలిన కుప్ప గట్టు మీద ఇంకా ఉంది. దాంట్లోంచి అర బకెట్టు తెచ్చి, జల్లించి, చలువరాళ్లు ఎత్తేసిన తొట్టిలో అంగుళం మందాన పరిపించాడు. పైన మరో అంగుళం మంజీరా ఇసుక, పక్కింట్లో కట్టుబడికి పోసిన కుప్పలోంచి. మట్టిలో సత్తువ ఉంటుంది, ఇసుక దాన్ని నీళ్లలోకి లేవనీయదు. యూరియా కూడా ఒక చిటికెడు తెచ్చాడు గానీ చెయ్యి పట్టుకుని ఆపాను. వరికి బలమైనదే చేపకు విషం. తొట్టిలో అది అమ్మోనియాగా మారుతుంది. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియానే బాక్టీరియా నైట్రేటుగా మార్చేదాకా కొత్త తొట్టికి వారాలు పడుతుంది, పైనుంచి మనం వడ్డించనక్కరలేదు. ఆ ఒక్కపూట నా చదువు పనికొచ్చింది.

తర్వాత ఒక పుస్తకం సంగతి తెలిసి నా కళ్లు తిరిగాయి. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అనే ఆవిడ 1999లో రాసిన పుస్తకంలో సరిగ్గా ఇదే పద్ధతి: అడుగున అంగుళం మామూలు మట్టి, పైన అంగుళం ఇసుకో గులకో, ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. సంబరంగా మా బాపుకు చెప్పాను.

“ఎవలామె? ఎన్నెకరాలు ఉన్నయట?” అన్నాడు.

మర్నాడు ఆయన చెరువు నుంచి తువ్వాలలో ఒక ముద్ద మూటగట్టుకొచ్చి తొట్టిలో విప్పాడు. సన్నని కాడ, కాడ చుట్టూ వలయాలుగా చిన్న ఆకులు, ఆకు అంచున సన్నటి రంపపు పళ్లు. ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడ? చుట్టంలాగా ఉంది, పేరు గుర్తుకు రావడం లేదు. రెమ్మ ఒకటి చేతిలోకి తీసుకున్నాక, చేయి తనంతట తాను గాలిలో గరాటు గీసింది.

హైడ్రిల్లా.

చిన్నప్పుడు ఈత కొడుతుంటే కాళ్లకు చుట్టుకున్నది ఇదే. “థూ, నాచు” అని తిట్టుకుంటూ పీకి అవతల పారేసింది ఇదే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కంఠస్థం పట్టిందీ ఇదే. పుస్తకంలో ఉన్నది హైడ్రిల్లా, చెరువులో ఉన్నది నాచు. రెండింటినీ కలిపిన వాళ్లు ఎవరూ లేకపోయారు, నాతో సహా.

మా బోరు నీళ్లు దానికి అమృతమైపోయాయి. అందుకూ కారణముంది. సున్నం ఎక్కువున్న నీళ్లలో బొగ్గుపులుసు వాయువు విడిగా తక్కువ, బైకార్బొనేటు రూపంలో ఎక్కువ. చాలా మొక్కలకు ఆ రూపం కొరుకుడు పడదు. హైడ్రిల్లా దాన్ని కూడా పీల్చుకోగలదు. బెల్లం సీసా అవసరం తీరింది. అరుగు మీది తమ్ముడు రావడం మానేశాడు.

అయితే నాచు ఒంటరిగా రాలేదు, పరివారంతో వచ్చింది. నత్తలను చూసి మా ఆవిడ కేకపెట్టింది. 1849లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనవేత్త తొట్టిలో రెండు బంగారు చేపలు, వాలిస్నేరియా మొక్క పెట్టి, కుళ్లిన ఆకులు తినడానికి నత్తలనే తెచ్చి వేశాడనీ, అప్పుడే ఆ తొట్టి కుదురుకుందనీ చెప్పాను.

“ఆయన పెండ్లాం ఏమన్నదట?” అంది.

ఆ వివరం నాకు దొరకలేదు. నత్తలైతే ఉండిపోయాయి గానీ, తూనీగ పిల్ల ఒకటి నాచులో దాక్కుని మూడు రోజుల్లో గప్పీ పిల్లలను వరసగా కాజేసింది. పట్టుకునేదాకా ఆ నేరం నా మీదే ఉంది. చెరువు నుంచి ఏది తెచ్చినా పర్మాంగనేటు నీళ్లలో ముంచి కడిగి వేయాలన్నది నేను ఆలస్యంగా నేర్చిన పాఠం.

మంచి ఊపులో ఉంటే హైడ్రిల్లా రోజుకు అంగుళం పెరుగుతుంది. వారానికోసారి క్షవరం చేయాల్సి వస్తోంది. ఫ్లోరిడాలో ఉండే మా మేనల్లుడికి వీడియో కాల్‌లో గర్వంగా చూపించాను. వాడు నవ్వలేదు. “మామా, గది ఇక్కడ ఉంచుకుంటే కేసు అయితది” అన్నాడు. నిజమే. 1950ల్లో అక్వేరియం వ్యాపారం పట్టుకుని మన ఉపఖండం నుంచి ఫ్లోరిడా చేరిన ఈ నాచు అక్కడి చెరువులనూ కాలువలనూ కమ్మేసింది. ఇప్పుడు దాన్ని పీకడానికీ మందు కొట్టడానికీ వాళ్లు ఏటేటా కోట్లు పోస్తున్నారు. మేనల్లుడికి గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. నాచు మాత్రం వీసా అడగకుండానే స్థిరపడింది.

పోయిన నెల, ఒక మధ్యాహ్నం పదో తరగతి పిల్లలను ఇంటికి రమ్మన్నాను. ఇరవై రెండేళ్ల అప్పు తీర్చుకుందామని. బీకరు బదులు హార్లిక్స్ సీసా, కిరసనాయిలు గరాటు, బడి నుంచి అరువు తెచ్చిన పరీక్షనాళిక. నాచు రెమ్మలు కత్తిరించి గరాటు కింద దోపి ఎండలో పెట్టాను. పావుగంటకు బుడగలు మొదలయ్యాయి. సుద్దముక్క లేకుండా, వాటంతటవే. రెండు గంటలకు నాళికలో కాస్త గాలి చేరింది. మంట ఆర్పిన అగరుబత్తి నిప్పు పెడితే భగ్గుమంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా బాపు కూడా ముందుకు వంగి చూశాడు.

ఒక పిల్ల మాత్రం చప్పట్లు కొట్టలేదు. సీసా దగ్గర కూర్చుని కన్నార్పకుండా చూస్తోంది.

“సార్, మీరు బొమ్మల బుడగలు ఆకుల కొసలకెల్లి గీస్తరు కద?”

“అవును.”

“ఇవి ఆకులకెల్లి వస్తలేవు సార్. కాడ తెగిన కాడికెల్లి వస్తున్నయ్.”

వంగి చూశాను. తెగిన కాడ కొస నుంచి బుడగలు ఒకదాని వెంట ఒకటి, ముత్యాల దండలా బారుగా లేస్తున్నాయి. ఆకులు ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాయి. అందుకే కాబోలు, తెగిన కొసలు పైకి ఉండేలా గరాటులో పెట్టమంటారు. నేను కుండీలో పూలమొక్కలా కాడ కిందికి, ఆకులు పైకి పెట్టి, ఆకు ఆకుకూ చుక్కలు పెడుతూ వచ్చాను.

నా దగ్గర చదివిన కుర్రాడు ఒకడు ఇప్పుడు మా బడిలోనే, నా పక్క కుర్చీలో కూర్చుని జీవశాస్త్రం చెబుతున్నాడు. మొన్న వరండాలో పోతూ అతని క్లాసు కిటికీలోంచి చూశాను. బొమ్మ అచ్చం నేను గీసినట్టే ఉంది, గీతలు నాకంటే చక్కగా వచ్చాయి. బుడగలు మాత్రం ఆకుల కొసల నుంచే.