టికెట్ వెనక రాసిన చిల్లర

ఒరేయ్ అబ్బాయ్, నువ్వు ఫోనులో డబ్బు కొట్టి బస్సెక్కుతావు. టికెట్టు ముఖమైనా చూడకుండా నలిపి సీటు సందులో కూరతావు. మా రోజుల్లో దాన్ని మునివేళ్లతో పట్టుకుని కూర్చునేవాళ్లు. ఎందుకంటే దాని వెనకాలే కండక్టరు రాసిన బాకీ చిల్లర ఉండేది. ఆ రాసిన కండక్టర్లలో నేనొకణ్ణి. కృష్ణా జిల్లాలో ముప్పై ఏళ్లు ట్రే పట్టుకున్నాను.

ఆ ట్రేలో రేటుకో రంగు టికెట్టు. స్టేజీ రాగానే టికెట్ల లెక్క రాసే ఎస్.ఆర్. కాగితం మోకాలి మీద పెట్టి, బస్సు గతుకుల్లో ఎగురుతుంటే నంబర్లు వేయాలి. రాత్రి డిపోలో నోట్లు, నాణేలు విడదీసి లెక్క అప్పజెప్పాలి. నా సంచిలో పడ్డ డబ్బే మర్నాడు బండిలో డీజిలు అని నా నమ్మకం. ఎవడు ఎక్కాడో వాడే ఇచ్చాడు. అంతే లెక్క.

ఇప్పటి లెక్క నువ్వు చెప్పు చూద్దాం! మన రాష్ట్రంలో డీజిలు మీద వ్యాటు 22.25 శాతం, ఆపైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల పేరు చెప్పి ఇంకో రూపాయి. ఆ డీజిలు బస్సూ తాగాల్సిందేగా? ధర పెరిగిందని 2022 ఏప్రిల్‌లో పల్లెవెలుగు టికెట్టుకు రెండు, ఎక్స్‌ప్రెస్‌కు ఐదు రూపాయల డీజిల్ సెస్సు వేశారు. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, జీతాలు ఖజానా నుంచి. ఆ ఖజానాలో నీ బైకు లైఫ్ ట్యాక్సూ, నువ్వు పోయించుకునే పెట్రోలు మీద పన్నూ ఉన్నాయి. అంటే బస్సెక్కని రోజు కూడా నువ్వు బస్సుకు డబ్బిస్తున్నావు, నీకే తెలియకుండా. రాష్ట్రం విడిపోయిన కొత్తలో హైదరాబాదు సిటీ బస్సుల నష్టాన్ని కొన్నాళ్లు అక్కడి నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ మోసింది. అక్కడ ఇంటిపన్ను కట్టినవాడి సొమ్ము బస్సు చక్రాల్లోకి వెళ్లిందన్నమాట.

దివిసీమలో ఒక ఊరికి నైటౌట్ సర్వీసు చేసేవాణ్ణి. రాత్రి తొమ్మిదికి చేరితే రామాలయం పక్కన బండి పెట్టి, టాపు మీద పడుకునేవాళ్లం. ఎవరో ఒకరు అన్నం, చేపల పులుసు తెచ్చేవారు. తెల్లారి నాలుగున్నరకు పాల క్యాన్లు, ఆసుపత్రికి వెళ్లే ముసలమ్మ, కాలేజీ పిల్లలు నలుగురు. వాళ్ల టికెట్లతో ఆ బండికి డీజిలు రాదని ఎస్.ఆర్. రాసిన నాకు తెలుసు. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే రాత్రి బస్సు సంపాదనే దాన్ని నడిపింది. ఎక్కినవాడే ఇచ్చాడని ఇందాక గట్టిగా అన్నాను గానీ, ఆ రోజుల్లోనూ ఒకరి టికెట్టు మీద ఇంకొకరు ప్రయాణం చేశారు.

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చింది. ఆడవాళ్లకు సున్నా టికెట్టు. మా కోడలు నెలకోసారి పుట్టింటికి వెళ్లొస్తోంది. మా అమ్మ ఆ చార్జీ కోసం నాన్న జేబు వంక చూసి, కొంగున రూపాయి రూపాయి ముడేసి, సంక్రాంతి దాకా ఆగేది. అందుకే ఆ పథకాన్ని నేను ఒక్క మాట అనను. నా గొడవంతా మిషను నుంచి వచ్చే ఆ సున్నా గురించే. ఆ చార్జీ ఎంతో, సర్కారు దాన్ని ఎప్పుడు కట్టిందో ఊరందరికీ తెలియాలి. రావాల్సింది ఆలస్యమైతే టైర్లు అరిగిన బండే మళ్లీ రోడ్డెక్కుతుంది, అందులో మా కోడలే కూర్చుంటుంది.

నా బస్సులో పావలా బాకీ ఉన్నవాడు ఫుట్‌బోర్డు మీద నిలబడి, టికెట్టు తిప్పి చూపించి, అది చేతిలో పడేదాకా నన్ను రైట్ చెప్పనిచ్చేవాడు కాదు.