రాత్రి ఎనిమిదికి రండి సార్

మా సెక్షన్ విద్యుత్ అసిస్టెంట్ ఇంజనీరుగారి దివ్యసముఖమునకు, కాలవ ఇవతలి వీధివాసులు అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపము. ఇచ్చట మేమందరం క్షేమం. గ్రైండర్ల సంగతి తరవాత మనవి చేసుకుంటాను.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు తమరు దయతో పంపిన మనిషి వచ్చి, మా హాల్లో ప్లగ్గుకు మీటరు పెట్టి చూశారు. 232. ‘ఓల్టేజి నార్మల్’ అని రాసుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళారు. రాత్రి ఎనిమిదికి నా ఫోనుకు మెసేజి: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’. అది చదివే సమయానికి అదే ప్లగ్గులో 172 ఉంది.

ఏం పరిష్కరించారండీ? ఎవరు పరిష్కరించారు? పన్నెండున్నరకి మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలుంటాయి. లోడే లేనప్పుడు ఓల్టేజి చూసి బాగుందనడం, పరగడుపున షుగరు చూసి ఇక లడ్డూలు తినొచ్చని రాసివ్వడం లాంటిది. ఆరు శాతం కన్నా తేడా ఉండకూడదని 1956 నాటి విద్యుత్ నిబంధనల్లోనే రాశారు. అంటే 230లో 216కి తగ్గకూడదు. 172 ఏ శాతమో తమరే చెప్పాలి.

మీ లైన్‌మన్ మంచివాడు, ఆయన్నేమీ అనకండి. మొన్న రాత్రి బతిమాలితే టాంగ్ టెస్టరు తెచ్చి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర చూశాడు. అక్కడ 232 ఓల్టులు, మా వీధికొచ్చే ఫేజులో 40 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మరు కాలవ అవతల ఉంది. అక్కణ్ణుంచి అర కిలోమీటరు, చేపల చెరువుల గట్టు వెంట, సన్నటి స్క్విరల్ కండక్టరు. దారిలో ఒక్క ఇల్లు లేదు, ఒక్క మోటారు లేదు. మరి 60 ఓల్టులు ఎక్కడ పోయాయి? 60ని 40తో భాగించండి: ఒకటిన్నర ఓములు. పోనూ రానూ ఆ తీగకున్న రెసిస్టెన్సు అది. అదే 60ని 40తో గుణించండి: 2400 వాట్లు. చెరువు గట్టు మీద మీరొక పెద్ద హీటరు వెలిగించి, చుట్టూ గాలిని వెచ్చబెడుతున్నారు. రోజూ ఐదు గంటలనుకున్నా పన్నెండు యూనిట్లు! ఆ పైన మాకు ట్రూ అప్ చార్జీలు. 1827లో ఓం పుస్తకం వేసి చెప్పిన లెక్కే ఇది, మా పిల్లల పదో తరగతి పాఠంలోనూ ఉంది. తమరు ఇంజనీరింగు చదివారు.

ఇస్త్రీ పెట్టె సంగతి వదిలేయండి. వెయ్యి వాట్లది 172 దగ్గర 560 వాట్లే ఇస్తుంది, ముడతలతోనే ఆఫీసుకు వెళ్తున్నాం, ఎవరూ చావలేదు. గ్రైండరుతోనే చావు. రాత్రి పప్పు వేసి స్విచ్చి నొక్కితే ‘మ్‌మ్‌మ్’ అంటుంది, రాయి కదలదు. ఓల్టేజి ముప్పాతికకు పడితే మోటారు లేచే బలం సగానికి కాస్త పైన మిగులుతుంది. తిరగని మోటారు ఊరుకోదు, కరెంటు లాగేస్తూనే ఉంటుంది, ఆ వేడంతా వైండింగులోనే. రాయిని చేత్తో ఒక తిప్పు తిప్పి వదిలితే కదులుతుందని మా వీధి ఆడవాళ్ళు కనిపెట్టారు. వేళ్ళు నలిగేది మీవి కావుగా.

‘స్టెబిలైజరు పెట్టుకోండి’ అని ఫోనులో సెలవిచ్చారు. పెట్టుకున్నవాళ్ళున్నారు సార్. 1500 వాట్ల ఏసీకి 230 దగ్గర ఆరున్నర ఆంపియర్లు చాలు. 172 దగ్గర స్టెబిలైజరు అదే పని చేయించడానికి లైనులోంచి దగ్గర దగ్గర తొమ్మిది లాగుతుంది. కరెంటు పెరిగితే తీగలో పోయేదీ పెరుగుతుంది, స్టెబిలైజరు లేనివాడి ఫ్యాను ఇంకా నెమ్మదిస్తుంది. వాడూ కొంటాడు. మీ సలహావల్ల లాభపడింది బజార్లో స్టెబిలైజర్ల కొట్టు ఒక్కటే.

కండక్టరు మార్చాలంటే ఎస్టిమేటు, శాంక్షను, మెటీరియలు అంటారని తెలుసు. అడగడం లేదు. తల పైకెత్తి స్తంభం చూడండి చాలు. మూడు ఫేజులూ మా వీధిదాకా వచ్చాయి. ఇళ్ళన్నీ ఒక్కదానికే తగిలించారు, మిగతా రెండూ ఖాళీగా వేలాడుతున్నాయి. సర్వీసులు మూడింటికీ సమంగా పంచితే ఫేజుకు పదమూడు ఆంపియర్లు, న్యూట్రల్లో దాదాపు ఏమీ ఉండదు. అప్పుడు తీగలో పోయేది 60 కాదు, పది ఓల్టులు. మాకు 220 పైనే వస్తుంది. కొత్త తీగ మూరెడు కూడా అక్కర్లేదు. మీ లైన్‌మనే చెప్పాడిది. ‘పైనుంచి మాట రావాలి సార్’ అన్నాడు.

ఆ మాట ఒక్కటి చెప్పండి. కోపంతో ఏదేదో రాశాను, అది పట్టించుకోకండి. పిల్లలకు వచ్చే వారం పరీక్షలు. ఒక్కసారి రాత్రి ఎనిమిదికి వచ్చి మీ చేత్తో మీరే కొలుచుకోండి, భోజనం మా ఇంట్లోనే. పనికి లైన్ క్లియర్ తీసుకోవాలంటే పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా కరెంటు తీసేయండి. మా వీధిలో ఒక్కరు కూడా ఫోను చెయ్యరు, నాదీ పూచీ.