మందు నా అంచుల్లోనే ఉంది

నేను కర్ణభేరిని. సెంటీమీటరు లోపు వెడల్పు, మిల్లీమీటరులో పదో వంతు మందం, అంతే నా ఒళ్లు. అందులోనే మూడు పొరలు. బయట చర్మం, లోపల మధ్యచెవిని కప్పే తడిపొర, నడుమ బండిచక్రం ఆకుల్లా పరుచుకున్న కొల్లాజెన్ పోగులు, వాటికి అడ్డంగా వలయాలు. ఒంటి మీద చర్మం పుట్టిన చోటే పైకొచ్చి రాలిపోతుంది. నా చర్మం మాత్రం కూటకం ఎముక అంటుకున్న చోట పుట్టి, రోజుకు మిల్లీమీటరులో పదో వంతు చొప్పున పక్కకు నడిచి, చెవి కాలువ గోడల మీదుగా గులిమితో కలిసి బయటికి పోతుంది. మూలకణాలు లేకుండా ఇది జరిగేది కాదు. కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు 2021లో వాటి ఆచూకీ తేల్చారు కూడా. అందుకే, నన్ను బాగుచేయడానికి బయటి కణాలు తెచ్చి పోయాలన్న మాట నాకు ఒప్పుదల కాదు. ఉన్నవాటిని పనిలోకి దించితే చాలు.

చెంపదెబ్బకో, పిన్నీసు గుచ్చుకునో చిరిగినప్పుడు, చీము పట్టకపోతే చాలాసార్లు వారాల్లోనే పూడుకుంటాను. ఏళ్ల తరబడి కారిన చెవిలో అలా కాదు. అక్కడ రంధ్రం అంచున బయటి చర్మం మడతపడి లోపలి పొరతో కలిసిపోతుంది. అంచు మానుతుంది, రంధ్రం మిగులుతుంది. గాయమే లేదన్నట్టు కణాలు ఆగిపోతాయి. ఒసాకా వైద్యుడు షిన్-ఇచి కనెమారు బృందం సరిగ్గా ఇక్కడే చెయ్యి పెట్టింది. అంచును చెక్కి మళ్లీ పచ్చిగాయం చేసి, కణాల పెరుగుదలను రెచ్చగొట్టే ఎఫ్‌జీఎఫ్ ప్రోటీన్‌లో తడిపిన జెలటిన్ స్పాంజి పెట్టి, ఫైబ్రిన్ జిగురుతో మూసింది. 2011లో ప్రచురించిన ఫలితాల్లో నూటికి 98 రంధ్రాలు పూడాయి. ప్రోటీన్ లేకుండా చేసిన వాటిలో పదింట ఒకటే పూడింది. అధ్యయనం చిన్నదే, కానీ తేడా చిన్నది కాదు. 2019లో జపాన్ దీన్ని మందుగా అనుమతించింది.

ఆపరేషన్ ఉండగా ఇదెందుకంటారు. కణత కండరం మీది పొర తీసి నాకు అతికే పద్ధతి 1950ల నుంచి ఎందరికో వినికిడి తిరిగి ఇచ్చింది, కాదనను. నా వెనుక ఎముకలు తినేసిపోయిన చోట ఇప్పటికీ అదే దిక్కు. కానీ దానికి ఆపరేషన్ థియేటర్, చెయ్యి తిరిగిన సర్జన్ కావాలి. కారే చెవులు ఎక్కువగా పేదపిల్లలవి. వాళ్లకు స్పాంజితో పోయే అవకాశం ఉంటే ఎందుకు వదులుకోవాలి? పెరుగుదల అదుపు తప్పితే అన్న భయం మాత్రం న్యాయమైనదే. చర్మం లోపల చిక్కుకుని కొలెస్టియటోమాగా మారితే ఎముకను కొరికేస్తుంది. అందుకే రంధ్రం పూడిన తర్వాత కూడా ఏళ్లపాటు చెవి చూపించుకుంటూ ఉండాలి.

ఇక మూలకణాల ఇంజెక్షన్‌తో చెవి బాగుచేస్తామనే ప్రకటనలు వేరే సంగతి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణాలు చికిత్సగా చెల్లేది రక్తానికి సంబంధించిన జబ్బుల్లోనే. మిగతావన్నీ ట్రయల్‌లోనే జరగాలి. డబ్బు కట్టమంటే ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఈలోగా నా కణాలకు కావలసింది పొడిగా ఉన్న చెవి. తలస్నానానికి ముందు వాజెలిన్ రాసిన దూది పెట్టండి. వెల్లుల్లి కాచిన నూనె మాత్రం పోయకండి, రంధ్రంలోంచి అది నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది.