గేటు దాటని పాఠం

హైటెక్ సిటీ టెకీ బాబొకడు సెలవు పెట్టి, ఎదురు ఫీజు కట్టి మరీ కంబోడియా పల్లెకు స్వచ్ఛంద పంతులుగా వెళ్లాడు. ఆశ్రయమిచ్చిన ఇంట్లో పెట్టింది తిన్నాడు, కంచం తానే కడిగాడు, బకెట్‌తో నీళ్లు మోశాడు. ఫొటోలు చూసి కొండాపూర్‌లో వాళ్లమ్మ నోరెళ్లబెట్టింది. ఇక్కడ మంచినీళ్ల గ్లాసూ ఆవిడే అందించాలి మరి!

లాభాల్లో 2 శాతం సమాజసేవకు పెట్టాలని 2014 నుంచి పెద్ద కంపెనీలకు చట్టముంది. బాబులకు లేదు. వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే వాచ్‌మన్ కూతురు స్టూలు మీద పుస్తకం పెట్టుకుని భిన్నాలతో కుస్తీ పడుతోంది. ‘‘ఆ పిల్లకో గంట లెక్కలు చెప్పొచ్చుగా నాయనా?’’ అంటే బాబు జవాబు: ‘‘చెప్పొచ్చు అంకుల్, సర్టిఫికెట్ ఎవరిస్తారు?’’